పుస్తకం నుంచి పోంక్ దాకా

తిండి గురించిన పుస్తకాల్లో నాకు ఎక్కువ ఇష్టమైనవి వంట నేర్పేవి కావు. చదువుతున్న మనిషిని లేపి బయటికి పంపించేవి. ఈ కూర ఏ ఊళ్లో పండిందో కనుక్కోమని, నాలుగు గింజలు నాటి చూడమని, పక్కింట్లో పొయ్యి మీద ఏముందో అడిగి రమ్మని తొందరపెట్టేవి. అలాంటివి నేను చదివింది ఎక్కువగా సూరత్‌లోనే. లింబాయత్‌లో, సాంచాల (మరమగ్గాల) చప్పుడు రాత్రీ పగలూ ఆగని సందులో.

లింబాయత్, ఉధనా పేర్లు తెలంగాణ నేత కుటుంబాలకు కొత్త కాదు. మగ్గం కూడు పెట్టడం మానేశాక వరంగల్, కరీంనగర్, నల్లగొండ జిల్లాల నుంచి సాంచాలు నడపడానికి వచ్చిన పద్మశాలీలు తరాలుగా ఇక్కడే ఉన్నారు. ఇక్కడి మున్సిపల్ కార్పొరేషన్ బడుల్లో తెలుగు మీడియం కూడా ఉంది. ఇంట్లో తెలుగు, గల్లీలో హిందీ, మార్కెట్లో గుజరాతీ. మా మామ షిఫ్టుకు పోయేటప్పుడు అన్నం గిన్నెతో పాటు ‘అన్నదాత’ పాత సంచిక ఒకటి సంచిలో పెట్టుకునేవాడు. 1969లో మొదలైన పత్రిక అది. ఊరి నుంచి ఎవరు వచ్చినా ఆయన అడిగేది అదే. ఆయనకు గుంట భూమి లేదు. అయినా నారుమళ్ల గురించి, కంది చేలో పురుగు గురించి వేలు పెట్టి ఒక్కో వరుసా చదివేవాడు. “భూమి లేదు గదా మామా, నీకెందుకు ఇవన్నీ?” అని అడిగితే, “పండిచ్చెటోనికేనా సదువు? తినెటోనికి వద్దా?” అన్నాడు.

ఆ మాట నాకు చాలా పుస్తకాలకు దారి చూపించింది. మొదటిది ‘గడ్డిపరకతో విప్లవం’. జపాన్ రైతు మసనోబు ఫుకువోకా 1975లో రాసింది. 1978లో ఇంగ్లీషులోకి, ఆ తర్వాత హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ద్వారా తెలుగులోకి వచ్చింది. మొక్కల తెగుళ్లు చదివి, యోకోహామాలో కస్టమ్స్ ఆఫీసులో మొక్కల తనిఖీ చేసిన మనిషి, ఆ పని వదిలేసి షికోకు దీవిలోని సొంతూరికి తిరిగి వచ్చాడు. ప్రకృతే అన్నీ చూసుకుంటుందని నాన్న నారింజ తోటలో కొమ్మలు కత్తిరించడం ఆపేశాడు. కొమ్మలు ఒకదాని మీద ఒకటి పడి, పురుగు పట్టి, చెట్లు చచ్చిపోయాయి. ప్రకృతికి అప్పగించడం వేరు, మనిషి చేతికి అలవాటుపడిన చెట్టును గాలికి వదిలెయ్యడం వేరు అని ఆయన నేర్చుకున్నది అక్కడే. దుక్కి, రసాయన ఎరువు, కలుపు తీత, పురుగుమందు ఏదీ లేకుండా వరి, బార్లీ పండించింది ఆ తర్వాతే. ఆ పుస్తకంలో నాకు ఈ తోట కథే అన్నిటికన్నా విలువైనదిగా తోస్తుంది.

చాలామంది గడ్డి కప్పే పద్ధతి దాకా చదివి ఆ పుస్తకం మూసేస్తారు. ఆ తర్వాత ఒక భాగం తిండి గురించి. ఏ కాలంలో ఏది దగ్గర్లో దొరుకుతుందో అదే ఆ కాలపు భోజనం అని ఆయన అంటాడు. ఏ నెలలో ఏ ఆకు, ఏ దుంప, ఏ చేప అని చెప్పుకుంటూ పోతాడు. అవన్నీ షికోకు కొండవాలు రుచులు. వాటిని సూరత్‌లో వెతికితే దొరకవు, వెతకాల్సిన పనీ లేదు. ఆయన నెలల పక్కన మన నెలలు రాసుకోవాలి. పుష్యంలో తాపీ నది ఒడ్డున ఏం దొరుకుతుంది? వైశాఖంలో వల్సాడ్ తోటల నుంచి ఏం వస్తుంది? ఈ ప్రశ్నలు అడగని చదువు సగం చదువే అని నా నమ్మకం.

చదివినదాన్ని బతుకులోకి తెచ్చుకునే విషయంలో గాంధీ కన్నా పెద్ద పాఠకుడు నాకు తెలియదు. లండన్‌లో చదువుకునే రోజుల్లో, ఫారింగ్‌డన్ వీధిలోని ఒక శాకాహార భోజనశాలలో హెన్రీ సాల్ట్ రాసిన చిన్న పుస్తకం కొని చదివాడు. అప్పటిదాకా అమ్మకిచ్చిన మాట కోసం మాంసం మానిన కుర్రవాడు, ఆ పుస్తకం చదివాక తన ఇష్టంతో శాకాహారి అయ్యాడు. 1904లో జొహానెస్‌బర్గ్ నుంచి డర్బన్ వెళ్తుంటే పోలక్ అనే మిత్రుడు దారిలో చదువుకోమని రస్కిన్ పుస్తకం ఒకటి చేతిలో పెట్టాడు. గాంధీ రాత్రంతా నిద్రపోకుండా చదివి, తెల్లారేసరికి బతుకు మార్చుకోవాలని నిర్ణయించుకున్నాడు. ఆ ఏడాదే డర్బన్ దగ్గర ఫీనిక్స్‌లో వంద ఎకరాల భూమి కొన్నారు. ఆయన పత్రిక అచ్చయ్యే ప్రెస్సును అక్కడికే మార్చారు. పనిచేసే ప్రతివాడికీ నెలకు మూడు పౌన్ల జీతం, సాగు చేసుకోవడానికి కొంత నేల. రస్కిన్ రాసింది వ్యవసాయ పుస్తకం కాదు. అది విత్తడం నేర్పదు, వంట నేర్పదు. చెప్పేది ఎక్కువగా కూలి గురించి, న్యాయం గురించి. అయినా చదివినవాడు నేరుగా పొలంలోకి నడిచాడు. 1908లో దాని సారాంశాన్ని ‘సర్వోదయ’ పేరుతో గుజరాతీలో రాశాడు కూడా.

గాంధీ ప్రభావం పడ్డ రైతు ఒకాయన సూరత్‌కు దక్షిణంగా, ముంబై వైపు ఉండేవాడు. వల్సాడ్ జిల్లా ఉంబర్‌గావ్ తాలూకా దేహ్రీలో భాస్కర్ సావే. బడిపంతులుగా పనిచేశాడు, రసాయన ఎరువులు వాడాడు, అమ్మాడు కూడా. తర్వాత ఆ దారి పూర్తిగా విడిచిపెట్టి, కొబ్బరి, సపోటా కలిపి పెంచిన ‘కల్పవృక్ష’ తోటను నిలబెట్టాడు. ఫుకువోకా స్వయంగా వచ్చి ఆ తోట చూసి మెచ్చుకున్నాడు. 2006లో సావే హరిత విప్లవాన్ని ప్రశ్నిస్తూ వ్యవసాయ శాస్త్రవేత్త ఎం.ఎస్. స్వామినాథన్‌కు బహిరంగ లేఖ రాశాడు. అప్పటికి ఆయనకు ఎనభై నాలుగేళ్లు. 2015లో పోయాడు. ఆ లేఖ చదువుతుంటే శాస్త్రవేత్తతో వాదిస్తున్న రైతు గొంతు కన్నా, చెట్టు కింద ఆకులు ఎందుకు ఊడ్చెయ్యకూడదో పిల్లలకు చెప్పే పంతులు గొంతే నాకు ఎక్కువగా వినిపిస్తుంది.

ఇక పోంక్ సంగతి. సూరత్ తిండి అనగానే బయటివాళ్లకు ఘారీ, లోచో గుర్తొస్తాయి. నాకు మాత్రం చలికాలం మొదలైతే పోంకే. నవంబరు ఆఖరు నుంచి ఫిబ్రవరి దాకా అడాజణ్ వైపు తాపీ ఒడ్డున భట్టీలు వెలుస్తాయి. చుట్టుపక్కల పల్లెల నుంచి పచ్చి జొన్న కంకులు కట్టలు కట్టలుగా దిగుతాయి. గింజలో పాలు గడ్డకట్టే దశలో కోసిన కంకులవి. కొద్ది రోజులు ఆలస్యమైతే గింజ ముదిరి అది రొట్టెల జొన్న అవుతుంది, పోంక్ కాదు. కంకుల్ని నిప్పుల్లో, వేడి బూడిదలో పొదిగి, మాడకుండా తిప్పుతూ కాలుస్తారు. తీసి వేడివేడిగానే గుడ్డసంచిలో వేసి కర్రతో బాదుతారు. సంచి విప్పి చెరిగితే పొట్టు ఎగిరిపోయి, లేత ఆకుపచ్చ గింజలు మిగులుతాయి. ఇంకా వెచ్చగా, వేళ్లకు కాస్త జిగురుగా తగులుతుంటాయి. నిమ్మకాయ, మిరియాల సేవ్ కలుపుకుని, తీపి ఇష్టమైనవాళ్లు చక్కెర గుళికలు కలుపుకుని తింటారు. పక్కన గ్లాసుడు మజ్జిగ. మిగిలితే మర్నాటికి ఆ రుచి ఉండదు. దూరం పంపడానికి, దాచుకోవడానికి పనికిరాని తిండి ఇది. ఊరి తిండి అనే మాటకు ఇంతకన్నా గట్టి నిదర్శనం ఉంటుందనుకోను.

ఆ జొన్నను చదువుకునే చోటు కూడా సూరత్‌లోనే ఉంది. నవసారి వ్యవసాయ విశ్వవిద్యాలయం ప్రధాన జొన్న పరిశోధన కేంద్రం ఇక్కడి అఠ్వా ఫారంలో ఉంది. ప్రపంచంలో వ్యాపార స్థాయిలో సాగైన మొట్టమొదటి సంకర పత్తి, 1970 నాటి హైబ్రిడ్-4, పుట్టింది కూడా సూరత్ పరిశోధన క్షేత్రంలోనే, సి.టి. పటేల్ చేతుల మీదుగా. ఒకే ఊరి నుంచి ఒక పంట దూర ప్రాంతాలకు పోయింది, ఇంకొకటి పొలిమేర దాటకుండా ఉండిపోయింది. రెండో దాని కథ రాసినవాళ్లు తక్కువ.

మా అమ్మను మొదటిసారి పోంక్ తినడానికి తీసుకెళ్లినప్పుడు, ఒక గుప్పెడు నోట్లో వేసుకుని, ఏమీ మాట్లాడకుండా ఇంకో గుప్పెడు తీసుకుంది. ఆ తర్వాత, “మా బాపు చేను గట్టు మీద కాల్చి పెట్టేటోడు, ఊచబియ్యం” అంది. పిడకల నిప్పు మీద కంకులు కాల్చి, గొంగడిలో వేసి నలిపి, పిల్లలందరికీ తలా ఇన్ని పోసేవాడట. కరీంనగర్ పల్లెలో ఆ చేను ఇప్పుడు జొన్న చేను కాదు. బోరు వచ్చింది, వరి వచ్చింది, తర్వాత పత్తి వచ్చింది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక పేద ఇంట్లో కూడా జొన్నరొట్టె వెనక్కి పోయి తెల్లన్నం ముందుకొచ్చింది. కడుపు నిండిన మాట నిజం, ఆ మేలును నేను తక్కువ చెయ్యను. కాకపోతే జొన్న కోసిన చేతులు జొన్నను మరిచిపోయి సూరత్ దాకా వచ్చాయి. మా సందులో ఏళ్ల తరబడి ఉన్నవాళ్లు కూడా పోంక్ గుజరాతీల తిండి అనుకుని అటు పోలేదు. సుమారు వెయ్యి కిలోమీటర్ల అవతలి నుంచి సన్నబియ్యం తెప్పించుకుంటారు, నది ఒడ్డున కాలుతున్న తాతల తిండిని మాత్రం పలకరించరు.

చిక్కుడు సంగతీ అంతే. సూరత్ పాపడి అంటే మన చిక్కుడు జాతిదే, గింజ లావు, తొక్క లేత. కతార్‌గామ్ పాపడి అని పేరు పెట్టి మరీ అడుగుతారు ఇక్కడివాళ్లు. ఆ కతార్‌గామ్ ఇప్పుడు వజ్రాలు సానపట్టే కార్ఖానాలతో, అంతస్తుల మీద అంతస్తులతో నిండిపోయింది. సాగు చుట్టూ పల్లెలకు తరలిపోయింది. సంక్రాంతి నాడు ఇక్కడ ఉత్తరాయణ్. డాబాల మీద గాలిపటాలు, కింద ఉంధియు: పాపడి, చిన్న వంకాయలు, ఊదారంగు పెండలం, చిలగడదుంప, మెంతి ముఠియాలు, పచ్చి వెల్లుల్లి ఆకు. ఆ ముందురోజే మా ఇంట్లో భోగికి నువ్వులద్దిన సజ్జరొట్టె, చిక్కుడుకాయ కూర. రెండు పండగలనూ నడిపేది చలికాలపు చిక్కుడే. ఇప్పుడు మా అమ్మ భోగి కూరలో పచ్చి వెల్లుల్లి ఆకు తరిగి వేస్తుంది. ఎవరూ నేర్పలేదు, మార్కెట్లో కట్టలు చూసి తెచ్చుకుంది.

వలస వచ్చినవాళ్లకు ఏది స్థానికం అని ఎవరైనా అడిగితే నా జవాబు సూటిగా ఉంటుంది: కాలి కింద నేల ఏది పండిస్తే అది. ఊరి నుంచి తెచ్చుకున్న విత్తనం ఈ నేల మీద మొలిస్తే అదీ. డాబా మీద పాత పెయింటు డబ్బాల్లో గోంగూర పెంచేవాళ్లు మా వైపు ఉన్నారు. తాపీ నీళ్లు తాగి అది ఎర్రటి కాడతో, ఊళ్లో ఉన్నంత పుల్లగా పెరుగుతుంది. దాని గింజలు కాగితంలో చుట్టి పక్కవాళ్లకు ఇవ్వడం నాకు చాలా ఇష్టమైన పని.

చదువు అంటే అక్షరాలే అనుకుంటే మాత్రం చాలా పోగొట్టుకుంటాం. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు బీడు భూములు సాగులోకి తెచ్చి, జొన్నలు ఉమ్మడి గాదెల్లో పోసుకుని, ఊళ్లో పేదలకు తక్కువ ధరకు ఇచ్చుకున్నాయి. వాళ్లలో ఎక్కువమంది దళిత స్త్రీలు, చాలామంది బడి మొహం చూడనివాళ్లు. ఏటా సంక్రాంతి రోజుల్లో విత్తనాలు నింపిన ఎడ్లబండ్లు ఊరూరా తిరిగే జీవవైవిధ్య జాతర వాళ్లదే. 2008 నుంచి సంఘం రేడియో నడుపుతున్నారు. 2019లో ఈక్వేటర్ పురస్కారం వచ్చింది. ఆ పని వెనక నిలబడ్డ పి.వి. సతీశ్ 2023లో కన్నుమూశారు. ఏ విత్తనం పక్కన ఏ విత్తనం చల్లాలో ఆ అవ్వలకు నోటికి వచ్చు. పుస్తకాలు వాళ్ల దగ్గరికి పోయి రాసుకోవాలి.

ఇంకా రాయని పుస్తకం ఒకటి నాకు కావాలి. సూరత్ తెలుగువాళ్ల తిండి పుస్తకం, ఇక్కడి తెలుగు మీడియం బడి పిల్లలే రాసింది. ఒక్కో పిల్ల వాళ్ల అవ్వను అడిగి రాయాలి: ఊళ్లో ఏం పండించేవాళ్లు, ఏ నెలలో ఏం తినేవాళ్లు, ఇక్కడికి వచ్చిన కొత్తలో ఏం దొరకలేదు, దాని బదులు ఏం వండారు అని. తర్వాత ఆదివారం మార్కెట్‌కు పోయి పాపడి అమ్మే ఆమెను ఆ కాయ ఏ పల్లె నుంచి వచ్చిందో గుజరాతీలో అడగాలి. పోంక్ భట్టీ దగ్గర నిలబడి, కంకి కోతకు వచ్చిందని ఎలా తెలుస్తుందో, గింజ నొక్కితే పాలు ఎంత చిక్కగా రావాలో అడిగి రాసుకోవాలి. డాబా మీది గోంగూరకు ఏ నెలలో గింజ కడుతుందో తేదీ వేసి పెట్టుకోవాలి. పేజీలు తక్కువైనా ఫరవాలేదు. ఈ చలికాలం భట్టీలు వెలిగేలోపు మొదలుపెడితే, ఫిబ్రవరిలో పోంక్ కాలం ముగిసేసరికి మొదటి అధ్యాయం చేతికి వస్తుంది.