తలుపు తియ్యరా!

మన సినిమాల్లో చావుబతుకుల్లో ఉన్న తండ్రి ఒక రీలంతా మాట్లాడతాడు. పిల్లల చేతులు కలిపిగానీ కన్ను మూయడు. మా నాన్నగారికి అంత ఓపిక లేదు. కులాంతర వివాహం చేసుకుందని అక్కతో తొమ్మిదేళ్ళు మాట్లాడని మనిషి. మంచాన పడ్డారని తెలిసి అక్క పరుగున వచ్చింది. గుమ్మంలో అన్నయ్య అడ్డు!

నాన్నగారు అక్కినేని వీరాభిమాని. 1953 నాటి 'దేవదాసు' ఆఖర్న పార్వతి పరుగెత్తుకొస్తుంటే తలుపులు మూసేస్తారు చూడండీ, అక్కడ ఎన్నిసార్లు చూసినా ఏడ్చేవారు. తెరమీది పార్వతి కోసం ఏడుస్తారు, సొంత కూతురి ఊసు మాత్రం ఎత్తనివ్వరు! అదేం చిత్రమో.

ఆవేళ గదిలోంచి "తలుపు తియ్యరా" అన్నారు. అంతే. క్షమించానని ఆయనా అనలేదు, క్షమించమని అక్కా అడగలేదు. బత్తాయి రసం చెంచాతో పట్టింది. తాగారు. అన్నయ్య మొహం పక్కకి తిప్పుకునే, అక్కకి కుర్చీ తెచ్చి వేశాడు.