తలనొప్పి అని వెతికితే

పరీక్షల రోజుల్లో అర్ధరాత్రి హాస్టల్ గదిలో ఫోన్ పట్టుకుని ‘తలనొప్పి’ అని వెతికే పిల్లల గురించే నా బెంగ. నిద్రుండదు, వేళకి తిండుండదు, టీ మీద టీ. ఫోనేమో బ్రెయిన్ ట్యూమర్ దాకా లాక్కుపోతుంది. మైక్రోసాఫ్ట్ పరిశోధకులు రయన్ వైట్, ఎరిక్ హోర్విట్జ్ 2008లోనే దీన్ని పరిశీలించి చెప్పారు: మామూలు లక్షణంతో మొదలైన వెతుకులాట అరుదైన పెద్ద జబ్బుల వైపు మళ్లుతోందని. నెట్‌లో ఎక్కువ కనబడే జబ్బే మనుషులకు ఎక్కువగా వస్తుందనుకోకూడదు. ఈ సంగతీ, ఎవరు రాశారో, ఏం అమ్ముతున్నారో చూసుకోవడమూ మొదటి ఏడాదే క్లాసులో నేర్పాలి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, నొప్పి తగ్గకపోతే ఇంకో లింకు తెరవకండి, డాక్టరుకి చూపించుకోండి. భయంతో నిద్ర పట్టకపోతే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. ఏ వేళైనా, ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు.