ఎక్కడిదాకా వచ్చింది?

"బోర్డు మార్చాలండీ" అనే మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. వాషింగ్ మెషీన్ తిరక్కపోయినా, టీవీలో బొమ్మ వచ్చి మాట రాకపోయినా అందరూ రాసిచ్చే మందు ఇదొక్కటే. మొన్న నా గిటార్ యాంప్లిఫయర్‌కీ ఇదే రాసిచ్చారు. రెండు ఛానెళ్ళ వాల్వు యాంప్ అది. ఒక ఛానెల్ నిక్షేపంలా పలుకుతోంది, రెండోది పడిపోయింది. షాపులో కుర్రాడు వెనక చెక్క కూడా విప్పకుండానే బోర్డు మొత్తం పోయిందన్నాడు. వాడు చెప్పిన ధరకి ఇంకాస్త కలిపితే కొత్త యాంపే వస్తుంది. "ఒక ఛానెల్ బాగానే ఉంది కదయ్యా" అంటే, "అది మాత్రం ఎన్నాళ్ళుంటుంది లెండి" అన్నాడు.

నాకు కోపం వచ్చింది అక్కడే. పనిచేస్తున్న ఛానెల్ కన్నా మంచి సాక్షి ఇంకెవరుంటారు? రెండు ఛానెళ్ళకీ కరెంటు ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్ ఒకటే. చివర్లో స్పీకర్లని మోగించే పెద్ద వాల్వులూ అవే, స్పీకర్లూ అవే. ఒక వైపు నుంచి ధ్వని నిండుగా వస్తోందంటే వీటన్నిటికీ ఏ దోషమూ లేదని తేలిపోయినట్టే. జబ్బు ఎక్కడున్నా రెండు దార్లూ కలవకముందే ఉండాలి. పెట్టె తెరవకుండానే ముప్పాతిక అనుమానం తీరిపోయింది. దీనికి పెద్ద చదువులు అక్కర్లేదు, చెవి ఒగ్గి ఒక్క నిమిషం వింటే చాలు.

నాది, ఫెండర్ వాళ్ళు 1963లో తెచ్చిన ట్విన్ రెవర్బ్ నమూనాలో కట్టిన యాంప్. ఆ నమూనా గీసినవాళ్ళకి దణ్ణం పెట్టాలి. నార్మల్ ఛానెల్‌కి మొదటి వాల్వు, వైబ్రాటో ఛానెల్‌కి రెండోది. రెండూ ఒకే జాతివి, 12ఏఎక్స్7లు. ఒక్కో గాజుబుడ్డిలో రెండేసి ట్రయోడ్లు. అందుకని స్విచ్చి కట్టేసి, బుడ్లు చల్లారాక, దీన్ని దాని గూట్లో, దాన్ని దీని గూట్లో పెట్టి చూడొచ్చు. జబ్బు వాల్వు వెంట నడిచొస్తే తప్పు వాల్వుది. పాత చోటే ఉండిపోతే వాల్వు నిర్దోషి. పైసా ఖర్చు లేదు. మార్చి చూశాను. నిర్దోషే.

తరవాత, పడిపోయిన వైబ్రాటో ఛానెల్‌లో రెవర్బ్ నాబ్ తిప్పాను. తీగ మీటితే, పైపైన ఓ సన్నని జీర తప్ప అసలు స్వరం లేదు. దాని ప్రతిధ్వని మాత్రం నూతిలోంచి ఎవరో పిలిచినట్టు వస్తోంది! గిటార్ లేదు, గిటార్ ప్రతిధ్వని ఉంది. ఈ యాంప్‌లో ధ్వని రెండో వాల్వు దాటగానే రెండు పాయలుగా చీలుతుంది. ఒకటి స్ప్రింగుల పెట్టెలోకి వెళ్ళి ప్రతిధ్వనిగా తిరిగొస్తుంది. రెండోది 3.3 మెగ్‌ఓముల రెసిస్టర్ గుండా నేరుగా వస్తుంది. నాలుగో వాల్వు దగ్గర రెండూ మళ్ళీ కలుస్తాయి. ప్రతిధ్వని వినబడుతోందంటే చీలికకి ముందున్నదంతా బాగుంది, కలిశాక ఉన్నదంతా బాగుంది. మిగిలింది ఆ రెసిస్టరూ, దాన్ని అంటిపెట్టుకుని ఉండే 10 పికోఫారడ్ల బుల్లి కండెన్సరూ.

ఇలాంటి యాంప్ తెరిచేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి. ప్లగ్గు పీకేశాక కూడా ఫిల్టర్ కండెన్సర్లలో 400 వోల్టుల పైచిలుకు నిలవుండొచ్చు. ఆ వోల్టేజీని రెసిస్టర్ గుండా దింపి, మీటర్‌లో సున్నా కళ్ళారా చూశాకే చెయ్యి పెట్టాలి. నేనలాగే చేశాను. నారింజ, నారింజ, ఆకుపచ్చ పట్టీలతో రెసిస్టర్ కనబడింది. కాలలేదు, పగల్లేదు, రంగు కూడా మారలేదు. ఒక కాలు టంకం విప్పి మీటర్ పెడితే లోపల తెగిపోయి ఉంది. చూడ్డానికి పెసరగింజంత కూడా లేని ఆ వస్తువు ఖరీదు చిల్లర డబ్బులు. దీనికా బోర్డు మార్చడం!

ఈ విద్య నాకు తెనాలిలో మా మావయ్య నేర్పాడు. గాంధీచౌక్ దగ్గర ఆయనకి రేడియో రిపేరు షాపు ఉండేది. వేసవి సెలవుల్లో నా మకాం అక్కడే. ఏ రేడియో వచ్చినా ముందు వచ్చినవాళ్ళని కూర్చోబెట్టేవాడు. "ఎప్పట్నించమ్మా ఇలా? ఉన్నట్టుండి ఆగిందా, రోజురోజుకీ తగ్గుతూ వచ్చిందా?" అని అడిగేవాడు. తరవాత స్పీకర్ దగ్గర మొదలుపెట్టి వెనక్కి నడిచేవాడు. స్క్రూడ్రైవర్ మొనతో వాల్యూమ్ కంట్రోల్ నడిమి కాలు తాకితే స్పీకర్‌లోంచి గుర్రుమని మోత వచ్చేది. "ఏరా అబ్బాయ్, ఎక్కడిదాకా వచ్చింది?" అని నన్నడిగేవాడు. మోత వచ్చిందంటే అక్కణ్ణించి స్పీకర్ దాకా అంతా క్షేమం. ఇంకో మెట్టు వెనక్కి. ఎక్కడ మోత ఆగిందో అక్కడే ఆయన టంకం కడ్డీ ఆగేది. బాగున్న వస్తువుని ఆయన ముట్టుకోగా నేను చూళ్ళేదు.

బాగైన రేడియోని వెంటనే ఇచ్చేవాడు కాదు. ఆదివారం మధ్యాహ్నం రమ్మనేవాడు. విజయవాడ రేడియో కేంద్రం నుంచి ఉషశ్రీ మహాభారతం చెప్పేవారు గదా! ఆ గొంతులో బరువూ విరుపూ రెండూ పలికితేనే రిపేరు పూర్తయినట్టు. కొన్ని రేడియోల్లో బరువు వచ్చేది గానీ మాట ముద్దయ్యేది. కొన్నిట్లో మాట విడిగా ఉండేది గానీ పీలగా ఉండేది. రెండూ కుదిరినప్పుడు మావయ్య బల్ల మీద అరచేత్తో చిన్నగా చరిచేవాడు. రేడియో తీసుకెళ్ళడానికి వచ్చినవాళ్ళు డబ్బులు చేతిలో పట్టుకుని అలాగే కూర్చుండిపోయేవారు. సోడాకొట్టు ఆయనా, పక్క బట్టలకొట్టు గుమాస్తా కూడా వచ్చి చేరేవారు. అయిపోయాక ఎవరూ లేచేవాళ్ళు కాదు, అప్పుడు మొదలయ్యేది అసలు గొడవ. కర్ణుడికి అన్యాయం జరిగిందని గుమాస్తా. నిండుసభలో ద్రౌపదిని అన్ని మాటలన్నవాడికి అన్యాయమేమిటని సోడాకొట్టు ఆయన. ధర్మరాజు జూదం మానుకుని ఉంటే ఇదంతా ఉండేది కాదని రేడియో కోసం వచ్చిన పెద్దమనిషి. మావయ్యది మాత్రం మొదట్నించీ భీముడి పక్షం. ఆ సభలో నోరు విప్పి అన్నగారిని నిలదీసినవాడు అతనొక్కడే అనేవాడు. వికర్ణుడు లేడా అని గుమాస్తా అడ్డుతగిలేవాడు. వికర్ణుడి సంగతి వచ్చే ఆదివారానికి వాయిదా పడేది.