ఆండీ రాబర్ట్‌సనూ, అరవై శాతం కటాఫూ

ఫుట్‌బాల్ అనగానే మనవాళ్ళకి మెస్సీ, రొనాల్డోలే గుర్తొస్తారు. నాకు మాత్రం ఓ స్కాట్లాండ్ డిఫెండర్ అంటే ఇష్టం. పేరు ఆండీ రాబర్ట్‌సన్. కొట్టే గోల్స్ తక్కువే గానీ, ఆయన కెరీర్ అచ్చం మన ఐటీ వాళ్ళ కథలాగే ఉంటుంది.

పుట్టింది గ్లాస్గోలో. చిన్నప్పట్నుంచీ అభిమానించిన సెల్టిక్ క్లబ్బే, పదిహేనేళ్ళప్పుడు మరీ పొట్టిగా ఉన్నాడని పంపించేసింది. చేరదీసింది క్వీన్స్ పార్క్. 1867 నాటి క్లబ్బు, కానీ అప్పట్లో ఆటగాళ్ళకి జీతాల్లేవు! డబ్బుల్లేకపోతే ఈ వయసులో బతుకు చెత్తగా ఉందనీ, ఉద్యోగం కావాలనీ 2012లో ట్విట్టర్‌లో వాపోయాడు. హాంప్‌డెన్ పార్క్ స్టేడియంలో టిక్కెట్ల కోసం వచ్చే ఫోన్లు ఎత్తే పని కూడా చేశాడు.

2013లో డండీ యునైటెడ్, 2014లో హల్ సిటీ. హల్‌తో పాటే 2015లో, మళ్ళీ 2017లో కింది డివిజన్‌కి జారాడు. 2017లోనే లివర్‌పూల్ తీసుకుంది. తీసుకుని ఏం చేసింది? బెంచి మీద కూర్చోబెట్టింది! డిసెంబర్‌లో మొరేనో గాయపడ్డాక గానీ వరసగా ఛాన్సులు రాలేదు. ఆ తర్వాత 2019లో ఛాంపియన్స్ లీగ్, 2020లో లివర్‌పూల్‌కి ముప్ఫై ఏళ్ళ తర్వాత లీగ్ టైటిల్. 2025 నవంబర్‌లో డెన్మార్క్‌ని 4-2తో ఓడించి, స్కాట్లాండ్ 1998 తర్వాత మొదటిసారి ప్రపంచకప్‌కి అర్హత సాధించింది. ఎక్కడనుకున్నారు? ఆ హాంప్‌డెన్‌లోనే. కెప్టెన్ ఎవరో చెప్పక్కర్లేదుగా!

"చూశావా, కష్టపడితే ఫలితం ఉంటుంది" అని తేల్చేస్తారు మనవాళ్ళు. నాకలా అనిపించదు. కష్టపడేవాళ్ళు బోలెడుమంది. క్వీన్స్ పార్క్ లాంటిది ఒకటి లేకపోతే ఆ కష్టం ఎక్కడ చూపించేవాడు? ఎత్తు కొలవడానికి టేపు చాలు. తొంభై నిమిషాలూ పరిగెత్తే దమ్ము ఉందో లేదో తెలియాలంటే ఆడనివ్వాలి. ఏది కొలవడం తేలికో, అదే కటాఫ్ అయి కూర్చుంటుంది.

ఈ ఏడాది మా ఆఫీసులో ఫ్రెషర్ల రెజ్యూమెలు వడపోసే పని నాకు పడింది. అరవై శాతం లోపువి తెరవక్కర్లేదని రూలు. యాభై ఎనిమిది వచ్చిన ఒకమ్మాయి ప్రాజెక్ట్ కోడ్ చదివాను. నీట్‌గా, ఎక్కడా కాపీ వాసన లేకుండా ఉంది. ఇంటర్వ్యూకి పిలుద్దామంటే "రూలు రూలే బాస్" అన్నాడు మా మేనేజర్.

పైవాళ్ళకి మెయిల్ పెట్టాను. వారమైంది, జవాబు లేదు. సోమవారం మళ్ళీ పెడతాను. ఉద్యోగం ఇవ్వమనట్లేదండీ, ఒక్క గంట ఆడనివ్వమంటున్నాను.