బుడాపెస్టులో మాకు మిగిలిన దినము

నదీవిహారమునకు పోవు ఓడలవారు తాము ఆగు ప్రతి ముఖ్యనగరమునందును ప్రయాణికులకు ఒక పూట నగరదర్శనము చేయింతురు. బస్సులో కూర్చుండబెట్టి, చెవికి చిన్న యంత్రమొకటి తగిలించి, మూడు నాలుగు గంటలలో ఊరంతయు చూపి మరల ఓడకు చేర్తురు. ఆపైన మిగిలిన కాలము మనది. ఈ మిగిలిన కాలమును గూర్చి ముందుగా ఆలోచించువారు అరుదు. కొందరు అలసి ఓడలోనే నిద్రింతురు. కొందరు ఉదయము చూచిన చోట్లకే మరల పోయి వత్తురు. హంగేరీదేశపు రాజధానియగు బుడాపెస్టులో నాకును మా అక్కయ్యకును అట్టి దినమొకటి దొరకెను. దానిని మేమెట్లు గడిపితిమో చెప్పినచో, ఇట్టి ప్రయాణము తలపెట్టిన సోదరీమణులకు కొంత ఉపయోగపడునని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మేము పోయినది 2024 మే మాసమున. అక్కయ్యకు అరువదియెనిమిదేండ్లు, మోకాళ్ల నొప్పి గలదు. రాజమహేంద్రవరమున గోదావరి గట్టున పుట్టి పెరిగినది. కాశీయాత్ర తప్ప వేరు దూరప్రయాణము ఎరుగదు. నాలుగేండ్ల క్రితము బావగారు పోయిన పిదప ఆమె గోదావరి రేవునకు పోవుట కూడ మానివేసెను. నేనును మా అమ్మాయియు ఎంతయో బతిమాలగా ఈ ప్రయాణమునకు ఒప్పుకొనెను.

బుడాపెస్టు నిజమునకు రెండు ఊళ్లు. డాన్యూబు నది ఉత్తరమునుండి దక్షిణమునకు పారుచు ఊరిని రెండుగా చీల్చుచున్నది. పడమటి గట్టున బుడా. అది కొండలు, కోటలు గల భాగము. తూర్పు గట్టున పెస్టు. అది చదునైన నేల. ఈ రెండును, ఓబుడా అను మూడవ పట్టణమును కలిసి 1873లో ఒకే నగరమయ్యెను. మన దేశపు ప్రఖ్యాత చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ 1913లో జన్మించినది ఇచ్చటనే. ఆమె తల్లి హంగేరీ వనిత.

మా ఓడ పెస్టు గట్టున, నగరమధ్యముననే కట్టబడెను. మరునాటి ఉదయము నగరదర్శనము. బుడా కొండమీద మాత్యాసు దేవాలయమును, దాని ప్రక్కనున్న జాలరుల బురుజును నడిచి చూచితిమి. ఆ బురుజు మీదినుండి నదియు, ఆవలిగట్టున పార్లమెంటు భవనమును ఒక్క చూపున కనబడును. తరువాత బస్సులో పెస్టునకు వచ్చి వీరుల చౌకమున పావుగంట దిగితిమి. పార్లమెంటును బస్సులోనుండియే చూపిరి. దాని నిర్మాణము 1885లో మొదలై 1904లో ముగిసినది. పొడవు 268 మీటర్లు, శిఖరము ఎత్తు 96 మీటర్లు. హంగేరీ పూర్వులు 896వ సంవత్సర ప్రాంతమున ఈ దేశమునకు వచ్చిరనియు, దానికి గురుతుగా ఆ సంఖ్యను నిలిపిరనియు మార్గదర్శకురాలు చెప్పెను. అన్నియు బాగుగానే యుండెను గాని, కొండమీది రాతిబాటలో అక్కయ్య మోకాళ్లు వాచెను.

ఆ సాయంత్రము నేను కాగితము కలము తీసికొని మరునాటికి జాబితా వ్రాయ మొదలుపెట్టితిని. మరునాడు శుక్రవారము, రోజంతయు మాది, రాత్రి ఏడుగంటలకు ఓడ వియన్నా వైపు కదలును. నేను వ్రాసినవి పదునొకండు స్థలములు. వానిలో మొదటిది సేచెనీ స్నానశాల. 1913లో తెరచిన పసుపుపచ్చని భవనమది. వేయి మీటర్లకు పైగా లోతునుండి వచ్చు వేడినీటితో బయలుననే పెద్ద కొలనులు గలవు. ఆ నీటిలో నిలుచుండి పురుషులు చదరంగమాడుదురు. మోకాళ్లకు మేలని కూడ నా ఆశ.

అక్కయ్య జాబితా అంతయు వినెను. “స్నానానికి ఏం కట్టుకోవాలి?” అని అడిగెను. ఈతదుస్తులు తప్పనిసరియని చెప్పితిని. “అయితే నువ్వు వెళ్లిరా. నేను రాను” అనెను. నాకు కోపము వచ్చినది. ఇంతదూరము వచ్చి వెనుదీయుట ఏమనగా, ఆమె కాగితమును వేలితో చూపి, “ఇందులో నది ఏదే?” అనెను.

“మూడు రోజులూ నది మీదే ఉన్నాం కదక్కయ్యా!”

“మీద ఉన్నాం. దగ్గరికి వెళ్లలేదు. ఒక్కసారి నీళ్లు ముట్టుకోవాలని ఉంది.”

నాకు బదులు తోచలేదు. పాత కాగితము ప్రక్కనబెట్టి క్రొత్తది తీసికొంటిమి. ఈమారు చూడవలసిన వానిని మూడు వరుసలుగా వ్రాసితిమి. నగరదర్శనములో దిగి చూచినవి ఒక వరుస. బస్సు ఆగకయే దాటినవి రెండవది. అసలు ఆ దారికే రానివి మూడవది. మొదటి వరుసను కొట్టివేసితిమి. తక్కినవానిలో బుడా వైపుననున్నవి కూడ కొట్టివేసితిమి. ఓడ పెస్టున నుండగా, మోకాళ్ల నొప్పితో మరల కొండయెక్కుట యేల? మధ్యాహ్నభోజనము ఓడలోనే యని నిశ్చయించితిమి. దానికి సొమ్ము ముందే చెల్లించి యుంటిమి. ఊరి నడుమనున్న ఓడ మాకు సత్రమువంటిది. మరునాటికి మిగిలినవి నాలుగు: అంగడి, నదిగట్టు, భూగర్భ రైలు, ఉద్యానవనము. స్నానశాల ఆ ఉద్యానవనములోనే యున్నది గనుక దానిమీద నా ఆశ నేను పూర్తిగా వదలలేదు.

ఉదయము ఎనిమిదిన్నరకు బయలుదేరి 24 గంటల టిక్కెట్లు రెండు కొంటిమి. ఆ టిక్కెట్టుతో ట్రాము, బస్సు, రైలు ఎన్నిమారులైనను ఎక్కవచ్చును. పెస్టు గట్టు వెంబడి పోవు రెండవ నెంబరు ట్రాము వృద్ధులకు వరము. నదిని కనుచూపున ఉంచుకొనియే ఊరు చూపించును. దానిలో దక్షిణముగా పోయి పెద్ద అంగడిభవనము చెంత దిగితిమి. 1897లో కట్టిన ఆ భవనము ఇనుప దూలములతో, రంగు పెంకులతో రైలుస్టేషనువలె నుండును. క్రింది అంతస్తున కూరలు, పండ్లు, నేలమాళిగలో ఊరగాయలు, మీద కుట్టుపనుల బట్టలు, అల్లికలు. ఎచ్చట చూచినను ఎఱ్ఱని మిరపపొడి సంచులే. అక్కయ్య చిటికెడు పొడి నాలుకపై వేసికొని, “రంగు మనదే, కారం మాత్రం లేదు” అని నవ్వెను. అందులో తీపిది, ఘాటుది అని రెండు రకములు గలవనియు, ఆమె రుచిచూచినది తీపిదనియు అమ్ము స్త్రీ చేతిసైగలతో తెలిపెను. ఘాటుది ఒక చిన్న సంచి కొంటిమి. పైయంతస్తున లాంగోష్ అను పెద్ద పూరీవంటి దానిని, వెల్లుల్లి మాత్రము పూయించుకొని, ఇరువురము పంచుకొని తింటిమి.

మరల అదే ట్రామునెక్కి ఉత్తరమునకు, పార్లమెంటు సమీపమునకు వచ్చితిమి. గట్టువెంట కార్లు వడిగా పోవు రస్తా కలదు. గురుతుపెట్టిన చోటనే దాటవలెను. దాటి నీటి అంచునకు చేరుచుండగా, అక్కయ్య దూరమునుండియే ఆగి సంతోషముతో, “ఇక్కడ కూడా రేవుందే! చూడు, ఎంతమంది స్నానానికి దిగారో” అనెను.

గట్టు అంచున వరుసగా చెప్పులు విడిచి యుండెను. పురుషుల బూట్లు, స్త్రీల మడమజోళ్లు, పిల్లలవి చిన్న చిన్నవి. కోటిలింగాల రేవున తెల్లవారుజామున మెట్లమీద విడిచిన చెప్పులవలెనే, కొన్ని నిటారుగా, కొన్ని ప్రక్కకు ఒరిగి. దగ్గరకు పోగా అవి తోలువి కావు, ఇనుపవి. తుప్పు పట్టియున్నవి. నీటిలో ఎవరును లేరు.

నేలమీది లోహపు పలకను నేను చదివితిని. చదివినది అక్కయ్యకు చెప్పుటకు కొంత తడవు పట్టెను. 1944 అక్టోబరులో ఈ దేశమున బాణపుసిలువ పక్షమువారు అధికారమునకు వచ్చిరి. ఆ శీతకాలమున వారి సాయుధులు యూదులను, స్త్రీలని పిల్లలని చూడక, ఈ నదిగట్టునకు తెచ్చి, పాదరక్షలు విప్పించి, నీటి అంచున నిలబెట్టి కాల్చిరి. దేహములను నది కొనిపోయెను. వారి జ్ఞాపకార్థము చలనచిత్ర దర్శకుడగు జాన్ తోగాయ్ ఊహింపగా, గ్యూలా పావర్ అను శిల్పి ఈ అరువది జతలను ఇనుముతో చేసెను. ఇవి ఇచ్చట నిలిచినది 2005 ఏప్రిలులో.

“చెప్పులెందుకు విప్పమన్నారు?” అని అక్కయ్య అడిగెను.

యుద్ధకాలమున పాదరక్షలకు మంచి వెల యుండెనని చెప్పితిని.

ఆమె మరి మాటాడలేదు. ఒక పిల్లవాని జోడుచెంత ఎవరో ఉంచిన పూలు, గులకరాళ్లు ఉండెను. అక్కయ్య తన కాన్వాసు బూట్లు విప్పి ప్రక్కనబెట్టి, అచ్చటనే నేలపై కూర్చుండెను. పావుగంట గడచెను, అరగంట గడచెను. నిజము చెప్పవలెనన్న, నా మనసు గడియారముమీదనే యుండెను. ఇంకను ఆలస్యమైనచో స్నానశాల లేనట్లే. ఆ సంగతి ఒకమారు పైకి కూడ అంటిని. అన్నందులకు తరువాత సిగ్గుపడితిని.

కొంతదూరమున నీటిలోనికి దిగు రాతిమెట్లు కనబడెను. నేను ఆమె చేయి గట్టిగా పట్టుకొనగా, అక్కయ్య ఒక్కొక్క మెట్టే దిగి నీటిని ముట్టుకొనెను. మే నెలలోను నీరు చల్లగా నుండెను. ముందు తలపై చల్లుకొనెను. పిదప దోసిలి నింపి, నెమ్మదిగా నదిలోనికి విడిచెను. మూడుమారులు అట్లు చేసెను. నేను చూచుచుండుట గమనించి, “ఆడవాళ్లు తర్పణం విడవకూడదంటారు. నీళ్లు పోయకూడదని ఎవరూ అనలేదుగా” అనెను.

ఓడకు వచ్చి భోజనముచేసి ఆమె గంటసేపు నిద్రించెను. మూడు గంటలకు భూగర్భ రైలు ఎక్కితిమి. 1896లో నడక ప్రారంభించిన ఆ మార్గము యూరపు ప్రధానభూభాగమున అట్టివానిలో మొదటిది. రస్తాకు అతి సమీపముననే త్రవ్వబడుటచే మెట్లు కొద్దివే. అక్కయ్య సులువుగా దిగెను. చిన్న పసుపుపచ్చని బండ్లు, తెల్లని పింగాణీ పలకల స్టేషనులు, బొమ్మరైలువలె నుండెను. ఉద్యానవనమున దిగి చెట్లనీడను బల్లమీద కూర్చుంటిమి. తువ్వాళ్లు భుజాన వేసికొని జనులు స్నానశాలకు పోవుచుండిరి. “ఇంకా వేళ ఉంది, వెళ్లిరావే” అని అక్కయ్య అనెను. లెక్కవేసి చూచితిని. టిక్కెట్టునకు, బట్టలు మార్చుటకు, తిరిగి చేరుటకు మూడుగంటలు కావలెను, మాకున్నవి రెండు. పోలేదు. పోలేకపోతినను కొరత నాకు నేటికిని కలదు.

అయిదున్నరకు నదిగట్టు చేరునప్పటికి మా ఓడ కానరాలేదు! ఉదయము అది యున్న చోట వేరొక పేరుగల ఓడ నిలిచియుండెను. నా గుండె ఆగినంత పనియయ్యెను. గట్టుమీది మనిషిని అడుగగా, అతడు నవ్వి ఆ ఓడలోనుండి దాటిపొమ్మనెను. చోటు చాలనప్పుడు ఓడలను ప్రక్కప్రక్కనే కట్టుదురట. మాది దాని వెనుక నుండెను. తీసిన రేవునకే ఓడ మరల ఉండునని నమ్మరాదు. రేవు నెంబరు, ఓడ టెలిఫోను నెంబరు కాగితముపై వ్రాసి దగ్గర నుంచుకొనుడు. చెప్పిన వేళకు గంట ముందే చేరుడు. ఓడ ఎవరికొరకును ఆగదు.

ఏడుగంటలకు ఓడ కదలి గొలుసువంతెన క్రిందుగా ఉత్తరమునకు సాగెను. 1849లో తెరచిన ఆ వంతెనను 1945లో వెడలిపోవు జర్మను సేనలు కూల్చగా, నూరేండ్లు నిండిన 1949లో మరల తెరచిరి. కుడివైపున పార్లమెంటు సాయంకాలపు వెలుగులో మెరయుచుండెను. ప్రయాణికులందరు దానిని ఫోటోలు తీయుచుండిరి. అక్కయ్య మాత్రము కటకటాల నానుకొని, ఆ భవనమునకు ఇవతల, నీటి అంచున గట్టును వెదకుచుండెను. “అక్కడే కదూ?” అని అడిగెను. ఔనంటిని.

నా మొదటి కాగితము ఇంకను నాచెంత నున్నది. పదునొకండింటిలో మేము చూడనివి ఎనిమిది. ఇట్టి దినము మీకు దొరకినప్పుడు, ఓడవారి నగరదర్శనపు త్రోవను ముందునాడే అడిగి తెలిసికొనుడు; వారు చూపినదానిని మరల చూడబోకుడు; నదికి ఒక్క గట్టునే ఎంచుకొనుడు; మూడు నాలుగింటికి మించి పెట్టుకొనకుడు. జాబితా వ్రాయుటకు ముందు, మీ వెంట వచ్చినవారిని వారికేమి కావలెనో అడుగుడు. నేను వ్రాసిన తరువాత అడిగితిని.

ఇంటికి వచ్చిన నెలకు అక్కయ్య రాజమహేంద్రవరమునుండి ఫోను చేసెను. మిరపపొడి కూరలో వేసి చూచితిననియు, ఘాటుదని చెప్పినదికూడ మన గుంటూరు కారమునకు చాలదనియు చెప్పెను. ఆ ఉదయము గోదావరి రేవునకు పోయి వచ్చితినని కూడ చెప్పెను.