రామేశ్వరంలో రెండు తాళ్లు

రామేశ్వరం వెళ్లినవాళ్లు ఇరవైరెండు తీర్థాల నీళ్లు నెత్తిన పోయించుకుంటారు, స్వామి దర్శనం చేసుకుంటారు, ధనుష్కోడి చూసి వస్తారు. 2025 జూలైలో మేమూ ఆ పనే చేశాం. దానితోపాటు నాకు మరొక పని ఉంది. మా మేనల్లుడు సముద్రంలో పడి లేస్తుంటే ఒడ్డున నిలబడి, నోరు మూసుకుని చూడాలి. వాడు నా చేత ముందే ఒట్టు వేయించుకున్నాడు.

అంతకుముందు ఏడాది వచ్చినప్పుడు పాంబన్ రైలు వంతెన మూతబడి ఉండడంవల్ల మండపంలో దిగి బస్సెక్కాం. ఈసారి 2025 ఏప్రిల్‌లో తెరిచిన కొత్త వంతెన మీదుగా రైలే దాటించింది. మా ఆవిడ కిటికీలోంచి కిందికి చూసి, "నీళ్లు కావండీ, పచ్చగాజు!" అని మురిసిపోయింది. నేను ఎదురుగా కూర్చున్న మేనల్లుడి ఎడమ కనుబొమమీది మచ్చను చూస్తున్నాను. ఆ మచ్చ నా చలవే.

ఆ దీవి స్వభావం కాస్త చెప్పాలి. ఉత్తరాన పాక్ జలసంధి వైపు నీళ్లు నెమ్మది; అక్కడి జాలర్లు దాన్ని ఆడ సముద్రం అంటారు. దక్షిణాన మన్నారు సింధుశాఖ మగ సముద్రం. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలి ఒకటే ఊపు. గొడుగు విప్పితే తిరగబడుతుంది. అన్నంలో ఇసుక పడుతుంది. 1964 డిసెంబరు 22 రాత్రి తుపానులో రైలుతో సహా కొట్టుకుపోయిన ధనుష్కోడి అక్కడే ఉంది. మొండిగోడల చర్చి చూసినవాడెవడూ అక్కడి గాలితో ఆటలేమిటనుకుంటాడు. ఈ కాలపు కుర్రకారుకు మాత్రం అక్కడే ఆట!

అది మన సంక్రాంతి గాలిపటం కాదు. ముందంచున గాలి ఊదిన లావుపాటి గొట్టం ఉంటుంది, అందుకని నీళ్లలో పడినా మునగదు. ఫ్రాన్సులో లెగెన్యూ అనే అన్నదమ్ములు 1984లో దానికి పేటెంటు పుచ్చుకున్నారట. ఇరవై మీటర్లు దాటిన తాళ్ల చివర అది ఆకాశంలో ఎగురుతుంటే, నడుముకు పట్టీ బిగించుకున్న మనిషి కాళ్లకింద బోర్డుతో నీళ్లమీద జారిపోతుంటాడు.

2024లో మావాడు పడ్డాడు. అద్దె బోర్డు ఎటో పోయింది. వెల కట్టమన్నారు. కట్టింది నేను. మర్నాడు వాడి గురువు రాని పూట చూసి నా పాండిత్యం వెలిగించాను. "ఒరే, దూడకు పలుపు ఉంటుంది, పడవకు కట్టుతాడు ఉంటుంది. నీ బోర్డు మాత్రం దిక్కూమొక్కూ లేనిదా?"

"అది కట్టకూడదని మా సార్ చెప్పారు, మావయ్యా."

"మీ సార్‌కేం! డబ్బులు కట్టేవాణ్ణి నేను గదా."

బజారులో స్కూటరు వెనక సామాను కట్టే సాగుడు తాళ్లు రెండు కొని, ముడివేసి, ఒక కొస బోర్డుకూ ఒక కొస వాడి చీలమండకూ నా చేతులతో కట్టాను. మేనమామ మాట కాదనలేక వాడు ఊరుకున్నాడు.

పావుగంట కాలేదు. వాడు పడ్డాడు. గాలిపటం వాణ్ణి ముందుకు ఈడ్చుకుపోతున్నది. బోర్డు అడ్డం తిరిగి, నీళ్లను పట్టుకుని, లంగరులా వెనక్కి లాగుతున్నది. మధ్యన రబ్బరు సాగింది, సాగింది. ఉన్నట్టుండి బోర్డు నీళ్లలోంచి ఊడి, వడిసెలలో రాయిలా వచ్చి మొహాన తగిలింది. ఆరు కుట్లు పడ్డాయి. అంగుళం కిందికి తగిలితే కన్నే పోయేదన్నాడు డాక్టరు. మా చెల్లెలికి ఫోన్ చేసి, "మెట్లమీద జారాడమ్మా" అని చెప్పాను.

ఇంటికి వచ్చాక, పరీక్ష అయిపోయిన తరువాత పుస్తకం తెరిచినట్టు, చదివాను. అమెరికాలో, కాలిఫోర్నియా తీరాన శాంతాక్రూజ్‌లో 1971లో పాట్ ఓనీల్ అనే యువకుడు అలలమీద ఆడే బోర్డుకు ఆస్పత్రుల్లో వాడే రబ్బరు గొట్టంతో తాడు కట్టాడు. అలాంటి తాడే వెనక్కి గుంజి, బోర్డు తగిలి, అతని తండ్రి జాక్ ఓనీల్ ఎడమ కన్ను పోయింది. తరువాత వాళ్లు అంత సాగని తాళ్లు చేసుకున్నారు. ఉత్త అలల మీద ఆడేవాళ్లు ఇప్పటికీ కట్టుకుంటారు. అక్కడ మనిషిని లాగే గాలిపటం లేదు.

మా వాడి ఆటలో ఉండవలసిన తాడు వేరే ఉంది. అది గాలిపటానికీ నడుముకూ మధ్య ఉంటుంది. ప్రమాదం వస్తే మీట నొక్కి పిడి వదిలేస్తాడు. అప్పుడు గాలిపటం ఒక్క తాడుమీద వేలాడి, సత్తువ లేక నీళ్లలో వాలిపోతుంది, ఎగిరిపోయి ఎవరిమీదా పడదు. ఆ తాడునూ చివరకు విడిపించుకోవచ్చు. ఇది పగ్గం, నేను కట్టింది పలుపు. తెలుగు పాఠం చెప్పేవాడికి ఆ తేడా ఆరు కుట్ల తరువాత తెలిసింది.

ఈసారి ధనుష్కోడి దారిలో, ఇసుకదిబ్బల నడుమ ఉన్న ఉప్పునీటి కయ్యలో దిగాడు. తలకు హెల్మెట్ ఉంది, గురువు పక్కన ఉన్నాడు, బోర్డుకు తాడు లేదు. కాసేపటికి పడ్డాడు. గాలి వాణ్ణి దిగువకు తోసింది. బోర్డు ఎగువన నల్లగా తేలుతున్నది. నా గుండె దడదడలాడింది. వాడు బోర్డువైపు రావడంలేదు, ఏటవాలుగా ఎటో పోతున్నాడు!

"పిలవకండి" అంది మా ఆవిడ నా చొక్కా పట్టుకుని.

వాడు ఒక చేత్తో పిడి పట్టుకుని, రెండోచేయి చుక్కానిలా నీళ్లలోకి చాపి, పక్కకు ఒరిగి ఈడిగిలబడుతున్నాడు. కొంతదూరం పోయాక చేతులు మార్చి, గాలిపటాన్ని అటుపక్కకు తిప్పి మళ్లీ ఇటు వచ్చాడు. ఎదురుగాలిలో తెరచాప పడవ వంకరటింకరగా ఎక్కినట్టే. ఒక్కొక్క మలుపుకూ కొంచెం ఎగువకు చేరుతున్నాడు. నాలుగోసారి బోర్డు వాడి చేతికి అందింది.

ఒడ్డుకు వచ్చి, "మావయ్యా, అమ్మకు ఫోన్ చెయ్యి" అన్నాడు.

చేశాను. తాడు కొన్న దగ్గరనుంచీ మొదలుపెట్టి అంతా చెప్పాను. మా చెల్లెలు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఫోన్ వాడికియ్యి, అన్నయ్యా" అంది.