ప్రతి ఎనిమిదో మీట

కీబోర్డును విప్పి బాగుచేసిన తర్వాత బయటపడే లోపాలు, విప్పకముందున్న వాటికంటే ఎక్కువ తికమక పెడతాయి. పాత జబ్బే తగ్గలేదా, కొత్తది పుట్టిందా అన్నది తేల్చుకోవడమే సగం పని.

పక్కింటి టీచరమ్మగారి అమ్మాయి పాఠశాల ప్రార్థన వేళ వాయించే 61 మీటల కీబోర్డు మీద టీ ఒలికింది. మధ్యలో వరుసగా నాలుగు మీటలు మూగబోయాయి. దుకాణంలో అడిగిన కూలి వారికి భారమై, “మీ అబ్బాయి ఇలాంటివి చూస్తాడు కదా అన్నయ్యగారూ” అంటూ మా ఇంటికి తెచ్చారు. పరాయివారి వస్తువు అమానతు. మా పాత రేడియోను విప్పినంత ధీమాగా దాని మీద చేయి వేయలేకపోయాము. ఏ మీట పలుకుతున్నదో, ఏది పలకడం లేదో ముందుగా ఒక కాగితం మీద వరుసగా రాసుకున్నాము.

మీటల కింద మెత్తని రబ్బరు పట్టీ ఉంటుంది. దానికి అడుగున చిన్న కార్బను బిళ్ళలు. మీట నొక్కితే అవి కింది పలకను తాకి స్వరం పుట్టిస్తాయి. టీలోని చక్కెర అక్కడ జిగురుగా ఎండిపోయింది. ఐసోప్రొపైల్ ఆల్కహాలు అద్దిన మెత్తని గుడ్డతో తుడిచి, బాగా ఆరనిచ్చాము. గరుకు కాగితం జోలికి పోలేదు. కార్బను పొర ఒకసారి అరిగితే మళ్ళీ రాదు.

బిగించి చూస్తే ఆ నాలుగూ పలికాయి. కానీ నిన్నటిదాకా బాగున్న 3, 11, 19, 27వ మీటలు, అలా చివరిదాకా ప్రతి ఎనిమిదోదీ, మౌనం వహించాయి. మా అబ్బాయి మళ్ళీ గుడ్డ అందుకోబోతే, కాగితం ముందు పెట్టాము. మురికి ఇంత క్రమశిక్షణతో పేరుకోదు కదా!

ఒక్కొక్క మీటకు విడివిడిగా తీగ ఉండదు. మీటలను ఎనిమిదేసి గుంపులుగా చేసి, నిలువు గీతలు, అడ్డగీతలు కలిపి వలలా అల్లుతారు. ఒకవైపు గీత తెగితే పక్కపక్కనున్న ఎనిమిదీ ఆగుతాయి. రెండోవైపుది తెగితే ప్రతి గుంపులో ఒక్కొక్కటి ఆగుతుంది. కాబట్టి దోషం మీటలలో లేదు, దారిలో ఉంది. బ్యాటరీలు తీసి, మీటల పలకను పెద్ద పలకతో కలిపే బల్లపరుపు తీగను మల్టీమీటరుతో ఒక్కొక్క పాయగా పరీక్షించాము. ఒక పాయ దగ్గర మీటరు మోగలేదు. ఏళ్ళ తరబడి మడతపడి ఉన్నచోట అది పెళుసెక్కి, లోలోపల తెగింది. దానికి సమాంతరంగా సన్నని తీగను సోల్డరు చేశాము. అన్నీ పలికాయి.

ఒక్క మీట మాత్రం ఎంత మెల్లగా నొక్కినా గట్టిగానే మోగుతున్నది. ప్రతి మీటకూ రెండు స్పర్శలు ఉంటాయి. వాటి నడుమ గడిచే క్షణాన్ని బట్టి యంత్రం ధ్వనిని హెచ్చిస్తుంది, తగ్గిస్తుంది. మొదటి బిళ్ళ అరిగి ఆలస్యంగా తాకితే, ఎవరో బలంగా కొట్టారని అది అనుకుంటుంది. ఈ సంగతి టీచరమ్మగారికి విప్పి చెప్పి, ఆ మీట మీద చిన్న కాగితం ముక్క అతికించి ఇచ్చాము. సరిపోయే రబ్బరు పట్టీ కోసం మా అబ్బాయి ఇంకా వెతుకుతూనే ఉన్నాడు.